ఎర్రయ్య వేసుకోనన్న బొమ్మ

ఎర్రయ్య జట్టుకు దూరమయ్యేలా ఉన్నాడన్న కబురు మొదట నాకు తెచ్చింది గోపాలపూర్ నుంచి చేపల గంపతో వచ్చే నరసమ్మ. అవి తొంభైల మొదటి సంవత్సరాలు. బరంపురంలో మా ఇంటి ముందుగదిలోనే నా ఎంబ్రాయిడరీ మిషన్ ఉండేది. ఎర్రయ్య నరసమ్మ అక్క కొడుకు, ఊళ్లో పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బుకు గోల్‌కీపర్.

"మావోడు కొత్త బొమ్మ సొక్కా ఏసుకోనంటన్నాడమ్మా. ఏసుకోపోతే ఆడనివ్వరంట. బొమ్మ కుట్టేది నువ్వే కదా, ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు," అంది గంప దించకుండానే.

నాకు చదువు నాన్నగారు ఇంట్లో చెప్పినదే, కుట్టు అత్తగారు నేర్పినది. ఇద్దరికీ దండం పెట్టుకోకుండా మిషన్ ముందు కూర్చోను. ఆ క్లబ్బు బ్యాడ్జీలు, అంటే చొక్కాకు ఎడమవైపు గుండె మీద ఉండే గుర్తులు, చాలా ఏళ్లుగా నేనే కుట్టేదాన్ని. అలల మీద పడవ బొమ్మ.

ఆ సాయంత్రమే క్లబ్బు సెక్రెటరీ బాబు కొత్త బొమ్మ ట్రేసింగ్ తెచ్చారు. ట్రేసింగంటే గీత పొడవునా సూదితో గుచ్చిన కాగితం. దాని మీద నీలంపొడి రుద్దితే బొమ్మ బట్ట మీదకు దిగుతుంది. దిగింది చూశాను. బొగ్గులాంటి మొహం, ఉబ్బిన పెదాలు, పళ్ల మధ్య చేప, నెత్తిన మొనదేలిన టోపీ. కింద 'నోళియా' అని అక్షరాలు.

సముద్రం మీద బతికే మన తెలుగువాళ్లను ఇక్కడ నోళియాలంటారు. అది వాళ్ల పేరు, తిట్టు కాదు. ఎర్రయ్య బంతి పట్టినప్పుడల్లా జనం ఆ మాటే అరిచేవారు, అతను చెయ్యెత్తేవాడు. కొత్త బొమ్మతో టోపీలు, సంచులు అప్పటికే బజార్లో అమ్ముతున్నారు. అవి వచ్చాక అదే మాట వెనక నవ్వు వినబడుతోందని నరసమ్మ చెప్పింది.

బొమ్మ మార్చలేరా అని సెక్రెటరీ బాబును అడిగాను.

"పడవ బొమ్మున్నప్పుడు ఒక్క టోపీ కొన్నోడు లేడక్కా. ఇప్పుడు దుకాణాలోళ్లే వచ్చి అడుగుతన్నారు. అంత బాధైతే నల్లదారం తీసి గోధుమరంగు ఎయ్యండి," అన్నారు. కమిటీ కూర్చుని తేల్చింది అదేనట.

రంగు మారినా ఆ వెక్కిరింపు ఎవర్నో అందరికీ తెలుస్తుంది బాబూ, నేను కుట్టలేను అన్నాను. ఆయన కోప్పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పక్క వీధిలో ఇంకొకరికి ఇచ్చారు.

మరునాడు ఎర్రయ్య ఇంకా బ్యాడ్జీ పడని తన చొక్కాతో వచ్చాడు. మామూలుగా మాటకారి. ఆ రోజు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా నాయన ఆ మొనదేలిన టోపీ ఎట్టుకునే, తానాలకొచ్చి మునిగిపోతన్నోళ్లని ఎంతమందినో లాగినాడమ్మా. ఆయన మొకాన్ని నా గుండె మీద ఎట్టి నవ్వుతారా? నాకు పాత పడవే కుట్టిపెట్టు."

కుట్టాను. దేవుడి దీపం ముందు పెట్టి ఇచ్చాను. ఆ చొక్కాతో మైదానానికి వెళ్తే బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాతి ఆటకు బెంచీ మీద కూడా చోటివ్వలేదు. ఆ సీజన్ అయ్యేలోపే అతను పారాదీప్ రేవుకు వెళ్లి చేపలు పట్టే ట్రాలర్ ఎక్కాడు. నరసమ్మ మునుపటిలాగే మా అరుగు మీద గంప దించేది గానీ, మావోడు అనే మాట ఎత్తేది కాదు.

కొన్నేళ్లకు బయటి కంపెనీ ఒకటి స్పాన్సర్‌గా వచ్చింది. అలాంటి బొమ్మ పక్కన తమ పేరు ఉండదని వాళ్లన్నారట. ఒక్క మీటింగులో బొమ్మ పోయింది. సెక్రెటరీ బాబు మళ్లీ మా గుమ్మం ఎక్కి, పాత పడవే బాగుందక్కా అన్నారు. ఎర్రయ్యను పిలుస్తారా అని అడిగాను.

"ఏ ఎర్రయ్య?" అన్నారు.

చేతులకు పని, కళ్లకు చూపు ఇచ్చిన దేవుడికి రుణపడి ఉన్నాను. ఆ పడవలు మళ్లీ కుట్టాను కూడా. కానీ అవమానమని ఒక మనిషి మొత్తుకుంటే కదలనివాళ్లు, నష్టమని వినబడగానే లేచి నిలబడతారని నాకు నేర్పింది ఆ పనే. ఎప్పుడైనా ఆ క్లబ్బు చొక్కా మీద పడవ మీ కంటబడితే కుట్టు బాగుందని ఊరుకోకండి. అందరూ దాన్ని వదిలేసినప్పుడు అదే తొడుక్కుని బెంచీ మీద కూర్చున్న ఎర్రయ్యను ఒక్కసారి తలుచుకోండి.