అత్త కూర్చున్న చాప

మా పక్కింట్లో మీసాలున్న అత్త ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు నేను అలాగే అనుకున్నాను. పట్నంలోని చూలై పేటలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒకటే. మదురై వైపు నుంచి వచ్చిన తమిళ ముస్లింలు వాళ్ళు. సాయంత్రం ఆయన స్కూటరు చప్పుడు వినపడగానే పిల్లలు "అత్తా, అత్తా" అంటూ వీధిలోకి పరుగెత్తేవాళ్ళు. నాకు తెలిసిన అత్త ఒక్కతే, మా నాన్నకు అక్క. ఈయన అత్త ఎట్లా అయ్యాడో తేలక వెళ్ళి ఆమెనే అడిగాను. వాళ్ళు నాన్నను అట్లా పిలుస్తారని చెప్పి, లేని మీసం మెలేసి చూపించింది. "నేను మాత్రం ఏం తక్కువ పాపా?" అంది.

నిజంగానే ఏమీ తక్కువ కాదు. నాకు గుర్తు లేని వయసులోనే మా అమ్మ పోయింది. అత్త మొగుడు, మా మామయ్యది ఊళ్ళు తిప్పే రైల్వే ఉద్యోగం. అత్త తన కొడుకును చంకనేసుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసి, నన్ను రెండో చంకన ఎత్తుకుంది. మామయ్య సెలవు దొరికినప్పుడల్లా మా ఇంటికే వచ్చేవాడు. నీళ్ళ లారీ వచ్చే రోజున మా అత్తను చూడాలి. వీధి వీధంతా ప్లాస్టిక్ బిందెలతో కొట్టుకుంటుంటే ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మధ్యలో నిలబడేది. అంతే, క్యూ దానంతటదే కుదురుకునేది. ఆ గొంతంటే నాకు ఇప్పటికీ గర్వం.

కాలేజీలో చేరాక నాకు నిఘంటువుల పిచ్చి పట్టింది. లైబ్రరీలో మొదట వెతికిన మాట అత్త. మనకు నాన్న తోబుట్టువూ అత్తే, మొగుడి తల్లీ అత్తే. కన్నడం వాళ్ళకూ అంతే. తమిళం వాళ్ళు ఆ ఇద్దరినీ విడదీశారు. నాన్న తోబుట్టువు అత్తై, మొగుడి తల్లి మామియార్. మాకు పూలు ఇచ్చే మనిషి తమిళ దేశపు దక్షిణ కొస పల్లె నుంచి వచ్చింది, ఆమె కన్నతల్లినే ఆత్తా అనేది. పాత తమిళంలో అత్తన్ అంటే తండ్రి, దేవుణ్ణి కూడా అట్లా పిలిచారట. పక్కింటి పిల్లల అత్తా అక్కడిదేనని కొందరు, తండ్రిని అత అనే టర్కీ వాళ్ళ నుంచి వచ్చిందని కొందరు. ఐరోపాలో ఎన్నడో మరుగున పడ్డ గోతిక్ భాషలోనూ అత్త అంటే తండ్రేనట. సంస్కృతంలో అత్తా అంటే తల్లి, అక్క, నాటకాల్లో అయితే అత్తగారు. అది మన దక్షిణాది నుంచే అటు వెళ్ళి ఉంటుందని ఒక నిఘంటువు అనుమానపడింది. అన్నీ ఒక్క వేరు నుంచి వచ్చినవి కాకపోవచ్చు. పసినోటికి తేలిగ్గా పలికే శబ్దం కాబట్టి, ఎక్కడి పిల్లలు అక్కడ తమను ఎత్తుకున్న వాళ్ళకు ఆ పేరు పెట్టేసి ఉంటారు. ఆ సంగతి తెలిసిన రోజు బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. మన అత్తలో రెండు వరసలు కలిసి ఉండటానికి కారణం మేనరికం. మేనత్తే రేపు అత్తగారు కావచ్చు కనుక వేరే పేరెందుకని మనవాళ్ళు అనుకున్నారు. అది నిఘంటువులో చదివితే ముచ్చటగా ఉంటుంది. చింతాద్రిపేట నుంచి పెదతాత వచ్చి, ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, డిగ్రీ అయ్యేలోపు తాంబూలాలు మార్చేసుకుందాం అన్నప్పుడు ఆ ముచ్చట నా మెడకే చుట్టుకుంది. అత్త కొడుకూ నేనూ ఒక కంచంలో తిని పెరిగాం. కేబుల్ టీవీ వచ్చాక రిమోటు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. నేను అన్నా అని పిలిస్తే, బావ అనాలని పెద్దవాళ్ళు కసిరేవాళ్ళు. అయినా నా నోట ఆ మాట రాలేదు. వాడూ మొహం వేలాడేసుకుని తిరిగాడు. నాన్న మాత్రం పెదతాత మాటకు ఎదురు చెప్పే మనిషి కాడు. వద్దని నేను అనొచ్చు. అంటే అత్త కోడలిగా ఉండనన్నట్టే కదా. నన్ను పెంచిన మనిషి మొహం మీద ఆ మాట అనలేక నోరు కుట్టుకున్నాను. అత్త కూడా అవునని గానీ కాదని గానీ అనలేదు. టి. నగర్ వెళ్ళి తాంబూలాల చీర కొనుక్కొచ్చింది.

తాంబూలాల రోజు అసలు చిక్కు వచ్చింది. మగపెళ్ళివారు వీధి గుమ్మంలోంచి తట్ట పట్టుకుని రావాలి, ఆడపెళ్ళివారు ఎదురెళ్ళి కాళ్ళకు నీళ్ళివ్వాలి. ఇక్కడ మగపెళ్ళివారు పొద్దున్నుంచి మా వంటింట్లో వడలు వేస్తున్నారు. పెదతాతకు ఆచారం తప్పడం పడదు. అందుకని అత్తనూ, మామయ్యనూ, వాళ్ళ అబ్బాయినీ పెరటి దారిన పక్కింటికి పంపారు. ఆ ఇంటి మీసాలాయన వాళ్ళను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. మంచి ఘడియ రాగానే ముగ్గురూ చీర, పూలు, పళ్ళు ఉన్న తట్టతో వీధిలోకి వచ్చి, తమ ఇంటికే చుట్టాల్లా నడిచొచ్చారు. నాన్న తన అక్క కాళ్ళకు నీళ్ళిచ్చాడు.

కూడంలో, అంటే ఇంటి నడిమి హాల్లో, ఎదురెదురుగా రెండు చాపలు పరిచారు. ఇటు నాన్న, నేను. అటు మామయ్య, వాళ్ళ అబ్బాయి కూర్చున్నారు. అత్త తట్టను మధ్యలో దించింది, ఒక్క క్షణం నిలబడింది, తిన్నగా వచ్చి నా పక్కన కూర్చుంది.

అది ఆడపెళ్ళివారి చాప అని పెదతాత గుర్తు చేశాడు. అత్త కదల్లేదు.

"తెలుసు పెదనాయనా. పాప పక్కన తల్లి కూచోవాల కదా. నేను ఆడికి పోతే ఈడ ఎవురు కూచుంటారు?"

పిల్లవాడికీ తల్లి కావాలి కదా అన్నాడాయన, కాస్త విసుగ్గా.

"వాడికీ నేనే. ఇద్దురికీ తల్లి ఒకతే అయినాక ఇదేం సంబంధం? వదిలేయండి సామీ."

మామయ్య మెల్లగా లేచి, పంచె సర్దుకుని, వచ్చి మా చాప చివర కూర్చున్నాడు. వెనకాలే వాడూ వచ్చేశాడు. అవతలి చాప ఖాళీ అయింది. చోటు చాలక నేను అత్తకు మరీ దగ్గరగా జరగాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. పెదతాత కోపంతో లేచాడు గానీ వడలు తినే వెళ్ళాడు.

ముందే అనుకున్నావా అని తర్వాత అడిగాను. లేదంది. తమ్ముడి మాట కాదనలేక అంతవరకూ వచ్చిందట. "ఆ ఇంట్లోనించి తట్ట ఎత్తుకుని వస్తా ఉంటే మన ఇల్లు పరాయి ఇల్లు మాదిరి అగపడింది. నా బిడ్డనే నేను అడుక్కోను పోతా ఉండానా అని కోపమొచ్చేసింది" అంది. ఆ చీర నాకే ఇచ్చేసింది. వాడు ఆ రోజు నుంచి బాహాటంగా నాకు అన్న అయ్యాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు వేరే ఇంటి కోడలినయ్యాను. మొదటి రోజు నుంచే మా ఆయన తల్లిని అమ్మా అని పిలిచాను. ఆమె మురిసిపోయింది. కోడలికి తనంటే ఎంత ప్రేమో అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకుంది. ప్రేమ లేకపోలేదు, మంచి మనిషే. కానీ అసలు సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అమ్మ అన్న పిలుపు నా దగ్గర ఎవరికీ ఇవ్వకుండా మిగిలి ఉంది, అందుకే ఇవ్వగలిగాను. అత్త అన్న పిలుపు మిగల్లేదు.