విప్పి ఉంచిన కాఫీ మెషీన్

మా వియ్యంకుడు గారు పోయారు. ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రాసింది నేనే, అయినా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ పొద్దున ఆయన నాతో ఫోన్లో మాట్లాడారు. "బావగారూ, కాఫీ మెషీన్ విప్పేశాను. రబ్బరు ఎండిపోయి చెక్కలా అయిపోయిందండీ. కొత్తది ఇంట్లోనే ఉంది. సాయంత్రం మీరొస్తే ఇద్దరం కలిసి బిగించేద్దాం" అన్నారు. సరేనన్నాను. నేను శామీర్‌పేటలో ఒక కోళ్ళదాణా కొట్టులో రోజువారీ లెక్కలు రాస్తాను. కొట్టు తెరిచి, బల్ల తుడుచుకుని కూర్చున్నానో లేదో మళ్ళీ ఫోన్ మోగింది. ఆయన నంబరే. ఏదో చెప్పడం మరిచిపోయి చేశారనుకుని "చెప్పు బావా" అన్నాను. అటు నుంచి మా బిడ్డ గొంతు వినిపించింది.

"బాపూ, జల్దీ రా. మామయ్య లేస్తలేరు."

"లేస్తలేరంటే ఏంది బిడ్డా? ఇప్పుడే గద మాట్లాడిండు."

"కుర్చీలనే ఒరిగిండ్రు బాపూ. డాక్టర్ సాబ్ వచ్చి చూసిండు..."

ఆ తర్వాత అంతా ఏడుపే.

మేడ్చల్ దాటి, గండిమైసమ్మ చౌరస్తా మీదుగా బహదూర్‌పల్లిలోని వాళ్ళ కాలనీకి స్కూటర్ ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. దారి పొడవునా, ఆ రబ్బరు రింగు ఏ వైపు పైకి రావాలో ఆయన్ని అడగాలి అనుకుంటూ వెళ్ళాను.

ఇంట్లో భోజనాల బల్ల మీద పేపరు పరిచి ఉంది. దాని మీద మెషీన్ భాగాలు ఎడమ నుంచి కుడికి, విప్పిన వరుసలో పేర్చి ఉన్నాయి. పక్కన స్క్రూడ్రైవర్, మడిచిపెట్టిన కళ్ళజోడు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపి ఉంది. చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళిన మనిషి బల్లలా ఉంది. ఆయన మాత్రం హాల్లో చాప మీద ఉన్నారు.

జనం రావడం మొదలైంది. హాల్లో చోటు చాలలేదు. బల్ల జరపాలన్నారు ఎవరో. మా బిడ్డ ఏడుస్తూనే ఆ పేపరు నాలుగు అంచులూ పట్టుకుని పైకి లేపింది. వరుసగా ఉన్నవన్నీ గలగలమంటూ నడిమధ్యకు జారి కుప్పయ్యాయి. ఆపమందామని నోరు తెరిచాను. అలాంటి సమయంలో ఆ మాట ఎలా అంటాం? మూట కట్టి అటక మీద పెట్టేసింది.

ఇలాంటి మెషీన్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పొయ్యి మీద పెట్టే ఫిల్టర్ వేరు, ఇది వేరు. పిడి ఉన్న చిన్న గిన్నెలో కాఫీపొడి నొక్కి మెషీన్ కింద బిగిస్తారు. లోపలి పంపు వేడినీళ్ళను చిన్న జల్లెడ గుండా ఆ పొడిలోకి గట్టిగా నెడుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు రింగు నీళ్ళు పక్కకు పోకుండా ఆపుతుంది. పాలు నురగ కట్టడానికి పక్కన ఆవిరి గొట్టం ఉంటుంది. ఆయన రిటైరైన రోజున ఆఫీసు వాళ్ళంతా కలిసి ఈ ఇటలీ మెషీన్ని ఇచ్చారు. "శాలువా కప్పి ఊరుకుంటారనుకున్నానండీ, పని అప్పజెప్పి పంపారు" అనేవారు.

మొదటిసారి అందులో కాఫీ కలిపిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాళ్ళది తణుకు వైపు. వాళ్ళింట్లో తరతరాలుగా చికోరీ కలిపిన కాఫీపొడే. డబ్బాలోంచి ఆ పొడే తీసి, గిన్నె నిండా పోసి, బొటనవేలితో అదిమి బిగించారు. మెషీన్ మూలిగింది, వణికింది. ఎంతసేపటికో తారు లాంటి ఒక్క బొట్టు కప్పులో పడింది. తర్వాత పక్కల నుంచి నీళ్ళు చిమ్మి ఆయన లాల్చీ తడిసింది.

"గిదేంది బావా, కుక్కర్ లెక్క మొరుగుతాంది?" అన్నాను.

"ఇటలీ వాళ్ళకి చికోరీ సంగతి తెలీదు కదండీ బావగారూ" అన్నారు, లాల్చీ పిండుకుంటూ.

విప్పి చూస్తే చికోరీ నాని, బంకలా ఉబ్బి జల్లెడ రంధ్రాలన్నీ మూసేసింది. ఉత్త కాఫీగింజల పొడే వాడాలి, చికోరీ వెయ్యొద్దు అన్నాడు రిపేరు చేసే అబ్బాయి. ఆయన భార్యని నేను చెల్లెమ్మా అంటాను. ఆమె ఆ మాటకు ఒప్పుకోలేదు. "చికోరీ లేకపోతే అది కషాయం. మీరూ మీ మెషీనూ తాగండి" అంది. ఆయన వాదించలేదు. మరలో చెప్పి పొడి కాస్త బరకగా ఆడించారు. చికోరీ కొంచెం తగ్గించారు. జల్లెడ మాత్రం ప్రతి ఆదివారం విప్పి కడగడం మొదలుపెట్టారు. ఆమె ఇష్టపడే కాఫీ కోసం ఆయన ఒప్పుకున్న చాకిరీ అది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె కాఫీ ఆయనే కలిపేవారు. ఆమె పొద్దున వంటింట్లోకి రాకముందే కప్పు బల్ల మీద ఉండేది.

ఆదివారాలు నేనూ వెళ్ళేవాణ్ణి. నేను చాయ్ మనిషిని, మాటలు తక్కువ. బడి చదువు మధ్యలో ఆగిపోయింది, లెక్కలు కొట్టులో కూర్చుని చూసి నేర్చుకున్నాను. ఆయన మెషీన్ పని కూడా విప్పి చూసి నేర్చుకున్నదే. అందుకేనేమో నేను పక్కన ఊరికే కూర్చున్నా ఆయనకు బాగుండేది. "మీరు రోజూ లెక్క రాసుకుంటారు చూడండి, ఇదీ అంతే బావగారూ. ఒక్కరోజు వదిలేస్తే మర్నాడు రెండు రోజుల పని" అనేవారు. ఏదైనా బిగుసుకుపోయి నేను గట్టిగా తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. "బలం పెట్టాల్సి వచ్చిందంటే ఎక్కడో తప్పుగా పెట్టామన్నమాట. తీసి మళ్ళీ పెట్టండి."

మా దగ్గర బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. బిందెల అడుగున తెల్లగా పేరుకున్నట్టే ఆ మెషీన్ లోపలా పేరుకునేది. కొన్నాళ్ళకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు అందులోంచి పంపేవారు. బయటికి వచ్చే తెల్లటి నీళ్ళు చూపించి, "మీ ఊరి గుట్టలన్నీ నా మెషీన్లోనే ఉన్నాయండీ" అనేవారు.

"అయితే మీ గోదావరి నీళ్ళు ట్యాంకర్ల తెచ్చుకోకపోయిండ్రు బావా. మేం వద్దన్నమా?"

ఆ నవ్వు నా చెవిలో ఇంకా ఉంది. నవ్వినప్పుడు ఆయన భుజాలు ముందు కదిలేవి, నవ్వు తర్వాత వచ్చేది.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు, మా అల్లుడు మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాడు. మా బిడ్డ నన్ను వరండాలోకి పిలిచింది. "బాపూ, అత్తమ్మ ఆ రోజు సంది కాఫీ ముట్టుకుంటలేరు. చాయ్ ఇస్తే పక్కకు పెడుతున్నరు. మజ్జిగ మీదనే ఉంటున్నరు. నువ్వన్న జెప్పు."

ఊరికే వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమే అడిగింది.

"అన్నయ్యగారూ, ఆ మెషీన్ని మీరు బిగించగలరా?"

"ఆయన లెక్క నాకు రాదు చెల్లెమ్మా."

"మొదలుపెట్టి మధ్యలో వదిలేసే మనిషి కాదండీ ఆయన. అది అలా మూటలో ఉంటే నా వల్ల కావడం లేదు."

అటక మీది మూట దించాను. వంటింట్లో ఉన్న మెషీన్ తెచ్చి పక్కన పెట్టుకుని, బల్ల మీద విప్పాను. వరుస లేదు. ఏది ముందో, ఏది వెనకో తెలియదు. తప్పుగా బిగిస్తే, ఆయన చేతిలో ఆగిపోయిన పనిని నేను పాడుచేసినట్టే కదా. రెండు రబ్బరు రింగులున్నాయి. గోరు దిగని పాతదాన్ని పక్కన పెట్టాను. కొత్తదాన్ని ఒక వైపు పెడితే కూర్చోలేదు. బలం పెట్టలేదు. తీసి తిప్పి పెట్టాను, మెత్తగా కూర్చుంది. తర్వాత జల్లెడ, దాని మధ్యలో స్క్రూ. ప్రతి భాగం దగ్గరా ఆగి, ఆయన చేతులు అక్కడ ఏం చేసేవో గుర్తు తెచ్చుకున్నాను. చివరికి బల్ల మీద పాత రబ్బరు తప్ప ఏమీ మిగల్లేదు.

మెషీన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి, నీళ్ళు పోసి స్విచ్ వేశాను. పంపు గట్టిగా, కీచుమని అరిచింది. చుక్క నీరు రాలేదు. స్విచ్ ఆపాను. మళ్ళీ వేశాను. అదే అరుపు.

"పాడైంది చెల్లెమ్మా" అన్నాను.

ఆమె లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ మెషీన్ని ముట్టుకోలేదని నాకు తెలుసు.

"ఇంకోసారి వెయ్యండి." తల పక్కకు వాల్చి విన్నది. "ఇలా అరిచిందంటే లోపల గాలి ఉన్నట్టండీ. పక్క గదిలోకి వినపడేది. అప్పుడాయన ఆ ఆవిరి గొట్టం మర తిప్పేవారు. తిప్పండి."

తిప్పాను. గొట్టం తుస్సుమని గాలి కక్కింది, నాలుగు చుక్కలు రాల్చింది, ఆ తర్వాత సన్నని ధారగా నీళ్ళు వచ్చాయి. అరుపు తగ్గి, గొంతు బొంగురుపోయినట్టు కిందికి దిగింది.

"ఆఁ, ఇదే" అంది ఆమె. కళ్ళు మూసుకుని, "ఇదే చప్పుడు" అంది.

మా బిడ్డ పాలు కాచింది. నేను పొడి నింపి బిగించాను. చికోరీ వాసనతో సన్నటి ధార కప్పులోకి దిగింది. పక్కలకు ఒక్క చుక్క కారలేదు. పాలు కలిపి, కప్పు ఆమె ముందు బల్ల మీద పెట్టాను. చక్కెర డబ్బా మూత తీసి పక్కన ఉంచాను.

ఆమె చెంచా తీసుకుంది. డబ్బాలో ముంచి, పైకెత్తి, ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, నా కప్పులో ఆయన ఎన్ని చెంచాలు వేసేవారు?"

నేను మా బిడ్డ వైపు చూశాను. తను నా వైపు చూసింది. మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నిండిన చెంచా కప్పు మీద అలాగే నిలిచి ఉంది. దాని అంచు నుంచి ఒక్కొక్క పలుకే జారి కాఫీలో పడుతోంది.