బొండాం వాసన

మద్యనిషేధం రోజుల్లో అమలాపురంలో ఫుట్‌బాల్ మ్యాచికి కొందరు కొబ్బరి బొండాంలో బ్రాందీ కలిపి తెచ్చేవారు. గేటు దగ్గర హైస్కూలు డ్రిల్లు మాస్టారు ప్రతి బొండామూ అందుకుని, "ఏమనుకోకండి, వాసన చూడాలండి" అనేవారు. ఆ మర్యాదకి మేం నవ్వుకునేవాళ్ళం.

ఫైనల్ రోజు ఆయన కొత్తల్లుడు స్నేహితులతో బొండాం పట్టుకుని వచ్చాడు. వెనకున్న మేమంతా మెడలు సాచి చూశాం. మాస్టారు వాసన చూశారు. బొండాం వంచి, ఆఖరి చుక్క దాకా నేల మీద పోశారు.

"లోపల మీకు కుర్చీ వేయించేనండి, అల్లుడుగారూ."

అల్లుడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ దసరాకి మాస్టారి కూతురు పుట్టింటికి రాలేదు. మళ్ళీ మ్యాచి నాడు గేటు దగ్గర ఆయనే ఉన్నారు. నా బొండాం అందుకుని, "ఏమనుకోకండి" అన్నారు. మిగతా మాట నోట రాలేదు. వాసన మాత్రం చూశారు.