పసుపు కారు కుదుపులు

ముంగి తన అక్క కొత్త కారును చెడగొట్టిందని వర్క్‌షాప్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ టీలకు పోయిన వేళ కంప్యూటర్ తగిలించి గేర్ల లెక్క తారుమారు చేసిందట. కడుపుమంటట. చివరికి అక్క పట్టేసి నిలదీస్తే నీళ్ళు నమిలిందట. రంగులు వేసే షెడ్డు వాళ్ళైతే ఏ వైరు పీకిందో కూడా చెబుతారు.

కడుపుమంట మాట మాత్రం నిజం.

ముంగి ఆమె అసలు పేరు కాదు. చేరిన మొదటి నెలలో నోరు విప్పి పట్టుమని పది మాటలు ఆడకపోయేసరికి ఫోర్‌మన్ పెట్టిన పేరు. మరమ్మతు అయిన కార్లను రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, బ్రేకులు, గేర్లు, చప్పుళ్ళు చూసి, కాగితం మీద సంతకం పెట్టడం ఆమె పని. పదో తరగతి సగంలో చదువు ఆగిపోయిన మనిషికి ఆ సంతకమంటే ఎంత ఇష్టమో చెప్పలేం. నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా పెట్టేది.

అక్క అంటే పెద్దమ్మ కూతురు. ఇద్దరికీ తేడా మూడు నెలలే. ఇద్దరూ పెదనాన్న పాత సరుకుల వ్యాన్ మీదే డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఆయన పక్క సీట్లో చుట్టిన పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఎడమ కాలు క్లచ్ మీది నుంచి తీస్తే చాలు, మోకాలి మీద ఒక్కటిచ్చేవాడు. "ఖాళీగా ఉన్న కాలు సోమరిపోతు అవుతుంది! పెడల్ మీదే ఉంచండర్రా!" ముంగి వారంలో నేర్చుకుంది. అక్క గేటు స్తంభాన్ని రెండుసార్లు గుద్దింది. మార్కులూ, ఎత్తూ, ఆ తర్వాత మంచి ఉద్యోగం, అన్నీ అక్కవే. డ్రైవింగ్ ఒక్కటే ముంగిది.

అలాంటిది ఒక పొద్దున అక్క పసుపు రంగు స్పోర్ట్స్ కారులో వర్క్‌షాప్ గేటు దాటి వచ్చింది. రెండే తలుపులు. నేలకు ఆనినట్టుండే సీట్లు. క్లచ్ లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. కొని నెల కూడా కాలేదు.

"ఏమే, నవ్వనైనా నవ్వవే నన్ను చూసి!" అంటూ దిగింది. "దీని సంగతేంటో చూడు. గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టుంటోంది. ఒక్కోసారి ఎంత తొక్కినా కదలదు. వెనకాల హారన్లు, తిట్లు!"

కార్లు కడిగే ఆయన పైపు పక్కన పడేసి వచ్చాడు. "మీ అక్కా? భలేదానివే, ఎక్కడా పోలికే లేదు!"

ఫోర్‌మన్ కారును ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. "నా చేతిలో పసిపాపలా ఉందమ్మా. కంప్యూటర్లోనూ ఏ తప్పూ చూపించట్లేదు" అన్నాడు. ముంగి వైపు తిరిగి, "ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని చూసిరా" అన్నాడు.

రెండో వీధి మలుపులోనే కారు ఎగిరిపడింది. "చూశావా? చూశావా?" అంది అక్క.

ముంగి చూసింది. కిందికి చూసింది. అక్క కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఉంది. తెల్ల బూటు వేసుకున్న ఎడమ కాలు, క్లచ్ ఉండాల్సిన చోట క్లచ్ లేక, వెడల్పాటి బ్రేకు పెడల్ అంచున మెత్తగా ఆని ఉంది. ఒక కాలు పొమ్మంటోంది, ఒక కాలు ఆగమంటోంది. ఎవరి మాట వినాలో తెలియక గేర్లు కొట్టుకుంటున్నాయి. పనిలో చేరిన కొత్తలో ముంగి కూడా ఇదే తప్పు చేసి ఫోర్‌మన్ నుదురు బొప్పి కట్టించింది. మడమ సీటు కిందికి లాక్కోమని ఆయన చెబితే ఆ పూటకే సరైపోయింది.

మాట నాలుక చివరికి వచ్చింది. అప్పుడే అక్క ఆమె భుజం తట్టింది. "ఇలాంటి కార్లు నీకు అలవాటుండవుగా. భయపడకు." ప్రేమగానే అంది.

ముంగి మాట మింగేసింది. తిరిగి వచ్చాక ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. రాసుకుపోయిన బ్రేకు పెనంలా సెగ కొట్టింది. కాగితం మీద 'లోపం కనిపించలేదు' అని రాసి, ప్రతి అక్షరం విడివిడిగా సంతకం పెట్టింది.

ఇంట్లో అమ్మ మంట ఇంకాస్త ఎగదోసింది. "మీ అక్క నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళిందే! తలుపు తనే తీసింది. దిగుతుంటే వీధి వీధంతా నన్నే చూసింది."

"కుదపలేదా?"

"కుదిపితే కుదిపింది. కొత్త కారుకి ఆ మాత్రం హుషారు ఉండదా ఏంటి?"

కారు రెండోసారి వచ్చింది. గేర్ల కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పంపారు. మళ్ళీ అదే కుదుపు. ఫోర్‌మన్ జుట్టు పీక్కున్నాడు. అది తిరిగొచ్చిన రోజు ముంగి లోలోపల మురిసి రెండు ముద్దలు ఎక్కువే తింది. మూడోసారికి గేర్‌బాక్సు దింపేద్దామని ఫోర్‌మన్ తేల్చాడు. అప్పటికి కారు మొదటిసారి వచ్చి ఇరవై రెండు రోజులు.

ఆ రోజు అక్క ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. చేతిలో టీ చల్లారిపోయింది.

"దింపొద్దని చెప్పవే మీ ఫోర్‌మన్‌కి. వెనక్కి ఇచ్చేస్తాను దీన్ని. నిన్న లారీ ముందు ఆగిపోయింది. వాడు బ్రేకు వేశాడు కాబట్టి ఇలా కూర్చున్నాను." టీ గ్లాసు కింద పెట్టింది. "పాడైంది కారు కాదేమో, నేనేనేమో. ఇలాంటి కారు నీకుండాల్సిందట. నాన్నే అన్నాడు."

ముంగి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట అది. తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు. లారీ మాట మాత్రం మింగుడుపడలేదు.

"లే. కారెక్కు" అంది.

అక్కను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను వంగి, ఆ ఎడమ కాలి బూటు ఊడదీసింది. కాలిని పట్టుకుని సీటు కిందికి నెట్టింది. "ఇక్కడే ఉండాలి. కదిపావో, చూడు!"

మూడు చుట్లు తిరిగారు. కారు నీళ్ళ మీద పడవలా పోయింది. అక్క ఏడుస్తూనే పగలబడి నవ్వింది. "ఓసి దొంగమొహమా! ఎలా కనిపెట్టావే? మా నాన్న పేపరు దెబ్బల ఫలితమా ఇదంతా!"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"మొదటి రోజే చూశాను" అంది ముంగి.

"ఏంటి?"

"నీ కాలు. చెప్పలేదు."

అక్క కారును పక్కకు తీసి ఆపింది. ఇండికేటర్ టిక్కుటిక్కుమంటూనే ఉంది. "నిన్న లారీ ముందు నేనున్నప్పుడు కూడా నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

తిరిగి వచ్చి చెరో తలుపు నుంచి దిగారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. షెడ్డు వాళ్ళు చూసింది అంతే. మిగతాదంతా వాళ్ళే అల్లుకున్నారు.

అక్క ఇప్పుడు వేరే వర్క్‌షాప్‌కి వెళుతుంది. పసుపు కారు అప్పుడప్పుడు గేటు ముందు నుంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. చూసినప్పుడల్లా ముంగికి ఇంకా మండుతుంది.

ఆ కారుకు ఎవరూ ఏమీ చెయ్యలేదు. ముంగిని ఎవరూ పట్టుకోనూ లేదు. అక్క అడగకుండానే ఆమే చెప్పింది.