దోవ మొగాన నిలిచిన బండి

పత్తి యార్డు మిత్రులకు, మా బావగారిని ఎరిగిన తక్కిన పెద్దలకు నమస్కారములు. తేదీ, ఊరు వేయకుండా లేఖ మొదలుపెట్టడం నా పద్ధతి కాదు. ఈసారి వేయబుద్ధి కావడం లేదు.

మా అక్క భర్త, నా బావగారు, మొన్న ఉదయం కన్నుమూశారు. ఫోనులో అక్క "మీ బావ పోయినాడప్పా" అన్నది. ఈ వయసులో ఇటువంటి వార్త విన్నాక చెప్పులు తొడుక్కోవడం కూడా బరువే. ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కి, ఆయన లారీ ఆపే చోట్లను చూసుకుంటూ పోయాను.

ఆదోని మిల్లుల పత్తి బేళ్లు మోసే సొంత లారీయే ఆయన బతుకు. ఎక్కడ ఆపినా, దిగేముందు బండి ముఖాన్ని రోడ్డువైపు తిప్పి నిలిపేవారు. "బండిని దోవ మొగాన పెట్టి దిగాల. మళ్లా తిప్పుకోను ఓపిక ఉంటాదో లేదో" అనేవారు.

చక్కెర జబ్బుతో కుడికాలు తీసేశాక లారీ చేయి మారింది. ఆయన కంచం ముందు పెట్టుకుని గోడను చూస్తూ కూర్చునేవారు. ఇంతలో, లారీ నడిపే కంప్యూటరు ఆట ఒకటుందనీ, స్టీరింగు తగిలించి ఎడమకాలితోనే అంతా తొక్కేటట్టు అమర్చుకోవచ్చుననీ పాత మెకానిక్కు ఒకాయన చెప్పారట. వెంటనే బడిపంతులునైన నాకు కబురు వచ్చింది.

"కాలు పోయింది గానీ దోవ పోలేదు గదప్పా అయివారా. నాకొక కంపూటరు చూడు."

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "అదన్నా వస్తే నాలుగు మెతుకులు తింటాడేమో. చెడిపోయేది మాత్రం తేవద్దు" అన్నది. ఇంకోసారి ఆశపడి భంగపడే శక్తి ఆ మనిషికి లేదని ఇద్దరికీ తెలుసు.

నేను కంప్యూటర్ల గురించి శ్రద్ధగా చదువుకుని, బావగారిని అంగడికి తీసుకువెళ్లాను. గ్రాఫిక్స్ కార్డు బలహీనమైతే తెరమీద దారి ముక్కలు ముక్కలుగా కదులుతుందనీ, కరెంటు అందించే పెట్టె దిట్టంగా ఉండాలనీ బావగారికి వివరించాను. అంగడివాడు విడిభాగాలు తెచ్చి తానే బిగించి ఇస్తానన్నాడు. బావగారు చేయి అడ్డం పెట్టారు.

"వద్దప్పా. లారీకి చాసిస్ ఒగడిచ్చినాడు, బాడీ ఒగడు కట్టినాడు. పగులిస్తే వాడి మీద వీడు, వీడి మీద వాడు సెప్పినారు. కంపెనీ కట్టిందే ఇయ్యి. జవాబు ఒగడే సెప్పాల."

అతడు గాజు తలుపుతో, రంగురంగుల దీపాలతో ఉన్న పెట్టెను చూపించాడు.

"పెండ్లి లైటింగు మాదిరుండాది. దీంట్లో ఇంజను యాడుంది? ఊరికే తిప్పేది కాదు, లోడు మీద తిప్పు."

ఆట ఆడిస్తుండగా ఆయన చక్రాల కుర్చీలోంచి వంగి, పెట్టె వెనుక వేడిగాలి వచ్చేచోట అరచేయి ఉంచారు. చాలాసేపు తీయలేదు. చివరకు ముందువైపు జల్లెడ ఉన్న నల్లటి మోటు పెట్టెను ఎంచుకున్నారు. గ్రాఫిక్స్ కార్డు రెంటిలోనూ ఒకటేనని నేను చూసి చెప్పాను. "అట్లయితే గాలి ఆడేదే మేలు" అన్నారు.

అంత ఎంచినవారే ఒక పొరపాటు చేశారు. ఇంటి ఎదుట పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు. గాలికి దూది ఇంట్లోకి వస్తుంది. లోడుమీద పట్టా కప్పిన చేయి కదా, ఆడుతూనే పెట్టెమీద దుప్పటి కప్పేశారు. నడిరోడ్డులో తెర ఆరిపోయింది. నేను వెళ్లేసరికి మళ్లీ గోడవైపు తిరిగి కూర్చున్నారు. దుప్పటి తీసి, చల్లారనిచ్చి మీట నొక్కితే లారీ కనిపించింది.

"లోడు కప్పేది మరిగి ఇంజను కప్పేసినా గదరా" అని నవ్వారు. కాలు తీసేశాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు. ఆ పూట అన్నం మారు అడిగారని అక్క నేటికీ చెబుతుంది.

అప్పటినుంచి జల్లెడలో చిక్కిన దూదిని తువ్వాలుతో తుడిచి గాని కూర్చునేవారు కాదు. ‘నడిపాను’ అనండి బావా అని నేనంటే, ‘నడిపినాను’ అనే అనేవారు. ఇప్పుడు దిద్దడానికి ఆ మాటా లేదు.

మొన్న అంతా అయ్యాక అక్క ఆ గది తలుపు తీసింది. ముందురోజు ఆడి, తెర ఆర్పకుండా పడుకున్నారట. ఏదో పరదేశపు రోడ్డు పక్కన ఆయన లారీ నిలిచి ఉంది, ముఖం దారివైపు తిప్పుకుని. "ఆపేద్దునా?" అన్నది అక్క. ఉండనిమ్మన్నాను.

దినం నాటికి రాగలనో లేదో, వచ్చినా చదవడం నావల్ల కాదు. కనుక ఈ లేఖను ఆ గదిలోనే, ఆ తెర ఎదుట, మీలో ఎవరైనా తొందరపడకుండా పైకి చదవండి.