సాష్టాంగం పెట్టించిన పెడల్

నా సైకిల్ పెడల్ సంగతి మా గుంపు వాట్సాప్‌లో మూడుసార్లు రాశాను. అందరూ చదివినట్టు గుర్తులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. ఎవరింట్లో పిల్లి ఈనినా గంపెడు శుభాకాంక్షలు కురిపించే మనుషులే వీళ్లు. అందుకే మొత్తం ఊరంతా చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

బళ్లారిలో ఆదివారం పొద్దున సైకిళ్లు తొక్కే గుంపు మాది. దానికి పెద్దమనిషి బజారులో బట్టల వ్యాపారి. నేను రోడ్డు సైకిల్ కొన్నప్పుడు మామూలు పెడల్ చాలన్నాను. ఆయన ముఖం చిట్లించాడు.

"అది పాలోళ్ల పెడలప్పా. మన గుంపులో యాడ నడుస్తాది? బూటు తగులుకునేది వేయించు."

వేయించాను. బూటు అడుగున ఉన్న ముక్క టక్కున పెడల్‌లో కూర్చుంటుంది. మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది. కాలు కట్టేసుకుని లారీల మధ్య తొక్కడం నాకు మొదటినుంచీ రోతే.

తారానగర్ దారిలో రోడ్డు పక్కన ఆంజనేయుడి గుడి ఉంది. మేం సైకిల్ దిగకుండానే మొక్కుతాం. వేగం తగ్గించి, ఒక కాలు చెప్పులోంచి పైకి లాగి, చెయ్యి గుండెకు తాకిస్తాం. చెప్పులతో తొక్కిన చిన్నప్పటి అలవాటు. కొత్త పెడల్ వేయించాక ఒక ఆదివారం అక్కడ అలాగే ఎడమ కాలు నిటారుగా పైకి లాగాను. బూటు పెడల్‌ నుంచి ఊడలేదు. సైకిల్ ఒరిగింది. వానకు నానిన ఇనుప గనుల దుమ్ము, ఎర్రటి ముద్ద, నోట్లోకి వెళ్లింది. ఎంత ఉమ్మినా ఆ ఇనుప రుచి పోలేదు. మోకాలు చీరుకుపోయింది.

కాలింకా పెడల్‌లోనే ఉంది. విడిపించడానికి ఒక్కడూ దిగలేదు. పెద్దమనిషి ఫోను తీసి ఫొటో కొట్టాడు.

"ఏందప్పా, మొక్కమంటే సాష్టాంగమే పెడితివే!"

అందరూ నవ్వారు. పెడల్ మార్చేస్తానన్నాను.

"పెడల్ బాగనే ఉండాది. నీ కాలు మార్చుకో!"

మూడు వారాలు మోకాలు వంగలేదు. తర్వాత వెడల్పాటి పెడల్ వేయించాను. దాని మీద చిన్న చిన్న పళ్లుంటాయి, రబ్బరు బూటు జారదు. రూపనగుడి దాకా ఒక్కడినే వెళ్లాను. ట్రాక్టరు అడ్డం తిరిగింది. అనుకునేలోపే కాలు నేల మీద ఉంది. కానీ ఎదురుగాలిలో ఒంటరిగా తొక్కడం ఈ వయసులో నా వల్ల కాదు. గుంపులో అయితే ముందువాడు గాలిని అడ్డుకుంటాడు. నాకు గుంపు కావాలి.

గుంపు నియమం మాత్రం మారలేదు. తగులుకునే బూటు లేనివాడు రాకూడదట. నన్ను బురదలో పడేసిన పెడల్‌కు ఉన్న మర్యాద, నన్ను కాపాడిన పెడల్‌కు లేదు. మొన్న కూడా వాట్సాప్‌లో ఆ ఫొటో కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు.

పెద్దమనిషీ, ఆదివారం ఈ పెడల్‌తోనే వస్తాను. రానిస్తావా, వెనక్కి పంపుతావా? నవ్వు బొమ్మలు వద్దు. ఔననో కాదనో నోరు తెరిచి చెప్పప్పా.