ఆగకూడని సర్వర్

సావా నది ఒడ్డున మా వరద కార్యాలయంలో సర్వర్‌ను చూసుకునే పని వుకోసవ అనే అమ్మాయిది. నది ఎగువన పెట్టిన కొలమానాల నుంచి నీటి మట్టం అంకెల్లో ఆ సర్వర్‌కు వచ్చేది. మట్టం ఎర్ర గీత దాటితే దిగువ పేటలో సైరన్ మోగించేది కూడా అదే. వుకోసవ చెల్లెలు నెలల బిడ్డతో ఆ పేటలోనే ఉండేది.

మా గదిలో ఎవరైనా 'రీస్టార్ట్' అంటే, కీడు తగలకుండా వెంటనే బల్ల చెక్కను తట్టాలి. మరిచిపోయిన వాడు అందరికీ కాఫీ పెట్టాలి. నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదని మా నమ్మకం.

సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ తీగలు. రెంటినీ జోడించి ఒకే దారి చేశారు. ఒకటి తెగినా రెండోది మోస్తుంది. అంతకుముందు వేసవిలో నెట్‌వర్క్ కార్డు కాలిపోతే వుకోసవ కొత్తది పెట్టి, ఆ జోడింపును చేత్తో ఆదేశాలిచ్చి నిలబెట్టింది. సర్వర్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్లో రాయలేదు. రాస్తే సరిచూడటానికి మళ్ళీ ఆపాలి. ఆపనివ్వరు.

ఆ వసంతంలో వాన వదల్లేదు. ఒక ఉదయం కరెంటు పోయింది. జనరేటర్ ఆలస్యంగా అందుకుంది. సర్వర్ పడిపోయి, తనంతట తానే లేచింది. తీగల దగ్గర దీపాలు వెలుగుతున్నాయి. అంకెలు మాత్రం రావడం లేదు.

వుకోసవ తన చెల్లెలికి ఫోన్ చేసింది.

"పిల్లని తీసుకుని పైకి వచ్చెయ్యి."

"సైరన్ మోగలేదుగా అక్కా. మోగితే వస్తాలే. ప్రతి వానకీ నీదిదే గోల."

ఆమె ఫోన్ పెట్టేసింది.

సర్వర్ లేచేటప్పుడు తనలో రాసుకున్న సందేశాలను వుకోసవ చదివింది. జోడింపు తయారైంది, కానీ అందులో చేరాల్సిన పోర్టులు, అంటే కార్డులో తీగలు గుచ్చే చోట్లు, దొరకలేదు. ఫైల్లో ఉన్నవి కాలిపోయిన కార్డు పోర్టుల పేర్లు. కొత్త కార్డు పోర్టులకు పేర్లు వేరు. లేని పోర్టుల కోసం సర్వర్ ఎదురుచూసి, ఊరుకుంది.

ఆమె చేత్తో ఆదేశాలిచ్చింది. తెర మీద అంకె వచ్చింది. ఎర్ర గీతకు కాస్త కింద. చూస్తుండగానే ఇంకొంచెం పెరిగింది.

"బతికించావు వూకా," అన్నాడు ట్రివున్. ఆయన మా కార్యాలయానికి పెద్ద, వుకోసవను ముద్దుగా అలా పిలుస్తాడు. "ఇక దాని జోలికి పోకు."

కింద జనరేటర్ దగ్గింది. దీపాలు మసకబారి మళ్ళీ వెలిగాయి.

"అది ఆగితే ఇదీ ఆగుతుంది బాబాయ్. మళ్ళీ ఇలాగే గుడ్డిగా లేస్తుంది. అప్పటికి నీళ్ళు గీత దాటితే?"

"ఫైలు మార్చు. ఆపడం మాత్రం వద్దు."

"మార్చాను. సరిగ్గా మార్చానో లేదో ఆపితేగానీ తెలీదు."

"ఆపాక లేవకపోతే?"

"లేవకపోతే ఇప్పుడే చేత్తో లేపుతా. నీళ్ళు ఇంకా గీత కిందే ఉన్నాయి. తర్వాత ఆ వ్యవధి ఉండదు."

ట్రివున్ కిటికీ వైపు తిరిగాడు. "నీ మొండితనం ముందు మా గాడిద నయం," అన్నాడు. కాదనలేదు.

వుకోసవ రీస్టార్ట్ ఇచ్చింది. ఎవరూ బల్ల తట్టలేదు.

తెర నల్లబడింది. ఎవరో సిగరెట్ నోట పెట్టుకుని వెలిగించడం మరిచిపోయారు. తెర మీద తెల్లటి అక్షరాల వరసలు పైకి జారాయి. ఒకచోట ఆగాయి. ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. వరసలు మళ్ళీ కదిలాయి.

రెండు పోర్టులూ జోడింపులో చేరాయి. అంకె వచ్చింది.

అది ఎర్ర గీత దాటి ఉంది.

దూరంగా దిగువ పేటలో సైరన్ అందుకుంది. గదిలో ఎవరూ సంతోషించలేదు. వుకోసవ కిటికీ దగ్గరికి వెళ్ళి, పైకి వచ్చే దారిలో జనం కనబడేదాకా నిలబడింది. గొడుగుల కింద మొహాలు తెలియడం లేదు. ఒక్కో గొడుగునూ చివరిదాకా చూసి, తర్వాతి దానికి వెళ్ళింది.